బడి మీద పంచాయితీ: ఒక ప్రసంగాన్ని విప్పి చూసిన కేస్ స్టడీ

"అమ్మా, 1835 ఫిబ్రవరి 2న మెకాలే లండన్‌లో ఉన్నాడా, కలకత్తాలో ఉన్నాడా?"

తిరుపతిలో జరిగిన ఆ అంతర్ కళాశాలల వక్తృత్వ పోటీలో ప్రసంగం అయ్యాక జడ్జీలు రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటి ప్రశ్న ఇది. అంతకు నిమిషం ముందు హాలంతా చప్పట్లతో మోగింది. వెనక వరసల్లో కుర్రాళ్ళు ఈలలు కూడా వేశారు. అప్పటిదాకా బడిని తిడుతూ ప్రసంగించిన నా విద్యార్థిని మైకును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నా వైపు చూసింది. జవాబు నాకూ తెలియదు.

పదిహేడేళ్ళుగా డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. వక్తృత్వ పోటీలకు, చర్చలకు వాళ్ళను తయారు చేయడం నాకు ఇష్టమైన పని. ఆ ప్రసంగాన్ని పోటీకి ముందు రెండుసార్లు విన్నాను. ఒత్తులు దిద్దాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పాను, గడియారం చూశాను. మన చదువు మార్చి మన వెన్నెముక విరవాలని ఇంగ్లీషు అధికారి మెకాలే ఆ రోజు బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడని చెప్పిన చోట నేనూ తలూపాను. కాబట్టి ఈ కేసులో పొరపాటు ఆమెది ఒక్కదానిదే అనుకోవద్దు.

అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. దామలచెరువు దగ్గర ఒక పల్లె. వాళ్ళ నాయనకు రెండున్నర ఎకరాల మామిడి తోట ఉంది, అంతా తోతాపురి. ఇదంతా రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేరు మాత్రం రాయను. గొంతు మంచిది, మాట తీరు మంచిది కాబట్టి ఆ ప్రశ్నకు నీళ్ళు నమిలినా ఫైనల్‌కు ఎంపికైంది. ఫైనల్‌కు మూడు వారాల గడువుంది. ఆ మూడు వారాల్లో మేము చేసిన పని ఇక్కడ రాస్తున్నాను. పిల్లల చేత ఇలాంటి ప్రసంగాలు చెప్పించే తోటి ఉపాధ్యాయులకు పనికొస్తుందనే నా ఆశ.

ప్రసంగంలో ఏముంది

ఏడు నిమిషాలు, 71 వాక్యాలు. ఎత్తుగడ చాలా బాగుంది. "పెద్దలారా, ఈ రోజు రచ్చబండ దగ్గర పంచాయితీ. నిలబడింది మనిషి కాదు, బడి" అంటూ మొదలవుతుంది. ఇక వరసగా నేరాలు. బడి ఒక ఫ్యాక్టరీ, బెల్లు కొట్టి పిల్లల్ని లోపలికి తోలుతుంది, అందర్నీ ఒకే అచ్చులో పోస్తుంది. ఆ ఫ్యాక్టరీ కట్టింది మెకాలే. చేపను చెట్టెక్కమంటే ఎలా అని ఐన్‌స్టైన్ ఎప్పుడో అన్నాడు. సచిన్, బిల్ గేట్స్ బడి వదిలేశారు కాబట్టే అంత వాళ్ళయ్యారు. చివర్లో గొంతు పెంచి, "ఈ సంప్రదాయ విద్యావిధానం, ఈ బట్టీ చదువు మనకొద్దు!"

ప్రింటు తీసి మూడు రంగుల పెన్నులతో కూర్చున్నాం. నిజమో కాదో తేల్చగలిగిన వాక్యం కింద ఎర్ర గీత, మనసును కదిలించడానికి పెట్టిన వాక్యం కింద నీలం, తను కళ్ళారా చూసిన సంగతి కింద ఆకుపచ్చ. గంటలో పని అయిపోయింది. నీలం ఎక్కువ, ఎరుపు కొంచెం. ఆకుపచ్చ పెన్ను మూత తీయలేదు. ఆ 71 వాక్యాల్లో 26 ప్రశ్నలున్నాయి, "నేను" అని మొదలైన సొంత సంగతి ఒక్కటీ లేదు.

"ఇవన్నీ ఎక్కడివమ్మా?" అంటే, "వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు మేడమ్. కొంచెం మా సీనియర్ అక్క స్క్రిప్టులోది. అందరూ ఇట్లే చెప్తారు కద" అంది.

చప్పట్లు మాత్రం నిజమైనవే. ఆ హాల్లో సగం మంది ఇంటర్ రెసిడెన్షియల్ హాస్టళ్ళలో రెండేళ్ళు గడిపి వచ్చిన పిల్లలు. తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి మారే సెక్షన్, ర్యాంకు వస్తే ఫ్లెక్సీ మీద ఫొటో, రాకపోతే ఇంట్లో మౌనం. "దీనికి ఎవరు బాధ్యులు?" అని ఆమె అడిగినప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో ముఖం గుర్తొచ్చి ఉంటుంది. ప్రశ్నకున్న బలమే అది. చెప్పేవాళ్ళు ఖాళీ వదిలిపెడతారు, వినేవాళ్ళు తమ బాధతో దాన్ని నింపుకుంటారు. అలా నింపుకున్న మాటకు ఇక రుజువు అడగరు. ఒక ప్రశ్నకు ఇది చాలు. ఇరవై ఆరు ప్రశ్నలు అయ్యేసరికి మాత్రం చెప్పేవాళ్ళు ఏదీ చెప్పకుండానే గెలిచినట్టు అనిపిస్తుంది.

రచ్చబండ సంగతి ఆమెనే అడిగాను. "మీ ఊళ్ళో పంచాయితీ జరిగితే రెండో పక్షం వాళ్ళను మాట్లాడనిస్తారా?" "మాట్లాడనీకుండా తీర్పు చెప్తే ఊరొప్పుకోదు మేడమ్" అంది. మరి నీ పంచాయితీలో బడి నోరు తెరవనే లేదు కదా అన్నాను. మన శాస్త్రాల్లో అయితే ముందు పూర్వపక్షం నిలబెట్టాలి, ఎదుటివాడు తన మాటను తానే చెప్పుకున్నంత బాగా నిలబెట్టి, ఆ తర్వాతే ఖండించాలి. పెన్సిల్‌తో మార్జిన్‌లో "బడి ఏమంటుంది?" అని రాసుకుంది. ఆ ప్రశ్నకు జవాబు ఫైనల్ రోజున గానీ మాకు పూర్తిగా దొరకలేదు.

'లాంటిది' ఎక్కడ పోయింది?

పదో తరగతిలో అలంకారాలు చదవని తెలుగు పిల్ల ఉండదు. ఉపమకు నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. "బడి ఫ్యాక్టరీ లాంటిది" అంటే ఉపమ. 'లాంటిది' తీసేసి "బడి ఫ్యాక్టరీ" అంటే రెండింటికీ భేదం లేదని చెప్పినట్టు, అది రూపకం. కవిత్వంలో రూపకం బలమైనదే. వాదనలో దానితో ఒక చిక్కుంది. 'లాంటిది' ఉన్నంతసేపు వినేవాడు "ఏ విషయంలో?" అని అడగగలడు. అది పోగానే ఆ ప్రశ్నకూ చోటు పోతుంది.

అందుకే ఆమెను ఉపమ దగ్గరికి వెనక్కి తీసుకొచ్చాను. నాలుగు గళ్ళు గీసి నింపమన్నాను. సమానధర్మం గడిలో బెల్లు, వరసలు, టైం టేబుల్ అని రాసి ఆగింది. కాసేపు చూసి, "మేడమ్, ఇవన్నీ కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూడా ఉండాయి కద. కంపార్ట్‌మెంట్లు, టోకెన్లు, టైము... దాన్ని ఎవురూ ఫ్యాక్టరీ అనరే" అంది. నేను చెప్పకుండా తనకు తాను పట్టుకుంది. ఎక్కువ మందిని ఒక చోట పద్ధతిగా నడిపించాలంటే బెల్లూ వరసా ఎక్కడైనా తప్పవు. అంతమాత్రాన అది ఫ్యాక్టరీ అయిపోదు.

చరిత్ర కూడా ఆ మాటకు పూర్తిగా తోడు రాదు. ఫ్యాక్టరీల కోసమే ఇంగ్లండ్‌లో ఈ రకం బడి పుట్టి, మన మీద పడిందని ప్రసంగంలో ఉంది. ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో అనాథ మగపిల్లల ఆశ్రమం చూసుకునేవాడు. ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో పెట్టాడు. తెలిసిన పిల్లాడు తెలియని పిల్లాడికి చెప్పే పద్ధతినీ అక్కడే పెంచాడు. 1797లో దాని మీద ఇంగ్లండ్‌లో పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి చెప్పొచ్చు కాబట్టి అక్కడ బాగా వ్యాపించింది. అంటే ఒక దారి ఇక్కడి అరుగుల మీది నుంచి అక్కడికి కూడా వెళ్ళింది.

అయినా ఫ్యాక్టరీ పోలికను పూర్తిగా కొట్టేయమని చెప్పలేదు. "ఫ్యాక్టరీ అంటే నీకు నిజంగా ఏది గుర్తొస్తుంది?" అని అడిగాను. వాళ్ళ ఊళ్ళ వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. సీజన్‌లో గేటు ముందు ట్రాక్టర్లు వరస కడతాయి. "కాయ మీద మచ్చుంటే పక్కకు తీసేస్తారు మేడమ్. లోపల ఎట్లుండేది కోసి చూడరు." ఆ రోజు మొదటిసారి ఆకుపచ్చ పెన్ను తీసింది.

మెకాలే, మన్రో

మెకాలే 1834లో ఇండియాకు వచ్చాడు, 1838లో వెళ్ళిపోయాడు. చదువు మీద అతని ప్రసిద్ధమైన మినిట్ (అధికారి తన అభిప్రాయం రాసిపెట్టే పత్రం) తేదీ 1835 ఫిబ్రవరి 2, రాసింది కలకత్తాలో. "దేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు, ఒక్క దొంగ కనపడలేదు, వీళ్ళ వెన్నెముక విరవాలంటే చదువు మార్చాలి" అని అదే రోజు అతను బ్రిటిష్ పార్లమెంటులో అన్నట్టు తిరిగే మాట అందుకే నిలవదు. ఆ రోజు అతను ఆ దేశంలోనే లేడు. మినిట్‌లోనూ ఆ మాటలు లేవు.

అసలు మినిట్ చదివించాను. మంచి యూరోపియన్ గ్రంథాలయంలోని ఒక్క అల్మరా పుస్తకాలు భారత, అరబ్బు సాహిత్యమంతటికీ సమానమని అందులో ఉంది. రక్తంలో, రంగులో భారతీయులై, అభిరుచిలో, అభిప్రాయాల్లో, నీతిలో, బుద్ధిలో ఇంగ్లీషువాళ్ళయిన ఒక వర్గాన్ని తయారు చేయాలనీ ఉంది. చదివి ఆమె ముఖం ఎర్రబడింది. "నిజంగా రాసిందే ఇంత ఘోరంగా ఉంటే, లేనిది ఎందుకు పుట్టించినారు మేడమ్?" నాకు తోచింది చెప్పాను. దొంగమాటలో శత్రువు మనల్ని పొగుడుతున్నాడు, వినడానికి హాయిగా ఉంటుంది. అసలు మాటలో తిడుతున్నాడు, దానికి మనం జవాబు వెతుక్కోవాలి.

ఆ దొంగమాట లోపల ఇంకో నమ్మకం దాగుంది: అతనికి ముందు మన ఊళ్ళల్లో అందరికీ మంచి చదువుండేదని. దానికి మన్రో దగ్గరికి వెళ్ళాం. తిరుపతి వాళ్ళకు మన్రో కొత్త కాదు, తిరుమలలో మన్రో గంగాళం మాట చాలామంది వినే ఉంటారు. అతను మద్రాసు గవర్నరుగా 1822లో జిల్లా కలెక్టర్లందరినీ బళ్ళ లెక్క అడిగాడు. అప్పుడు చిత్తూరు ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, చిత్తూరు జిల్లా వచ్చింది 1911లో. 1826 మార్చి 10న రాసిన మినిట్‌లో మన్రో మొత్తం తేల్చాడు: మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు. జనాభాలో 67 మందికి ఒక్కరు. ఇళ్ళలో చదువుకునే వాళ్ళను కూడా కలిపితే బడి ఈడు మగపిల్లల్లో మూడో వంతుకు దగ్గరగా చదువు అందుతోందని అతని అంచనా. ఇంగ్లీషు బళ్ళు రాకముందు ఇక్కడ చదువే లేదనే వాళ్ళకు ఇది గట్టి జవాబు.

ఆమె సంతోషంగా అంకెలు రాసుకుంటుంటే నేను ఒక్క మాట అడిగాను. "ఈ లెక్కలో నువ్వు ఎక్కడున్నావు?"

పెన్ను ఆగింది. ఆడపిల్లలకు ఆ బళ్ళల్లో చదువు దాదాపు లేదని మన్రో అక్కడే రాశాడు. పాత బంగారు కాలం కథలో చంద్రగిరి కోట, తిరుమల గుడి ఉంటాయి గానీ మామిడి రైతు కూతురు పలక పట్టుకున్న బొమ్మ ఉండదు. ఆమె మెకాలే పేరానూ, "పూర్వం మన గురుకులాల్లో" అనే పేరానూ రెండూ కొట్టేసింది. కొట్టేయమని నేను అనలేదు.

పొగ, మంచు

చేప మాట ఐన్‌స్టైన్ రాసినట్టు గానీ అన్నట్టు గానీ ఆధారం లేదు. అది ఒక్క నిమిషంలో తేలింది. సచిన్ దగ్గర ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే ఆమెకు సచిన్ అంటే ప్రాణం.

మన పాత తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రంలో పొగ, నిప్పు ఉదాహరణ అందరికీ తెలిసిందే. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది. ఇది నిలవాలంటే రెండు కావాలి. కొండ మీద ఉన్నది నిజంగా పొగే కావాలి. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరాలి. చలికాలం పొద్దున్నే అలిపిరి దగ్గర నిలబడి పైకి చూస్తే కొండంతా పొగ లేచినట్టే ఉంటుంది. అది మంచు.

సచిన్ బడి వదిలేశాడు, అందుకే గొప్పవాడయ్యాడు. ముందు మొదటి భాగం చూద్దాం. 1988లో వినోద్ కాంబ్లీతో కలిసి 664 పరుగుల భాగస్వామ్యం చేసింది హారిస్ షీల్డ్‌లో. అది బడుల మధ్య జరిగే టోర్నమెంటు. కోచ్ అచ్రేకర్ సలహాతో క్రికెట్ బాగా ఆడించే శారదాశ్రమం బడికి మారాడు. అంటే అతన్ని దేశానికి చూపించిన మైదానం బడి మైదానమే. గేట్స్ వదిలింది హార్వర్డ్ విశ్వవిద్యాలయం, బడి కాదు. సియాటిల్‌లో అతని బడిలో 1968లోనే కంప్యూటర్‌కు కలిపిన టెలిటైప్ ఉండేది. అతను ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టింది దాని మీదే. పొగ అనుకున్నది మంచు.

రెండో భాగం ఆమే చూసింది. వాళ్ళ పల్లెలో ఎనిమిదిలోనో పదిలోనో బడి మానేసిన మగపిల్లల పేర్లు వేళ్ళ మీద లెక్క పెట్టింది. తొమ్మిది మంది. ఒకరు ట్రాక్టరు తోలుతున్నారు, ముగ్గురు బెంగుళూరులో పనికి పోయారు, మిగతావాళ్ళు తోటల్లో కూలికి. "వీళ్ళ గురించి మనం ప్రసంగాల్లో చెప్పం మేడమ్" అంది మెల్లిగా. హేతువు వ్యభిచరించడం, అంటే కారణమని చెప్పింది ఉన్నా ఫలితం లేకపోవడం, ఏమిటో అంతకన్నా బాగా నేను చెప్పలేను.

సంప్రదాయం అంటే తిరుపతిలో

మొదటి రౌండ్ తర్వాత ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "వేద పాఠశాలల్ని అంత మాట అనిపించారేమమ్మా?" అని బాధపడ్డారు. నాకు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. "సంప్రదాయ విద్య" అంటే వేరే ఊళ్ళో మామూలు స్కూలు అనుకుంటారేమో. తిరుపతిలో ఆ మాట వినగానే తిరుమలలోని ధర్మగిరి వేద పాఠశాల గుర్తొస్తుంది. ఆమె అన్నది ఒకటి, హాల్లో కొందరు విన్నది ఇంకొకటి. న్యాయశాస్త్రంలో దీనికి దగ్గరి దోషం వాక్ఛలం, అంటే ఒక మాటకున్న రెండు అర్థాలతో మెలిపెట్టడం. దేవదత్తుడు నవకంబళుడు అంటే ఒకరికి కొత్త కంబళి, ఇంకొకరికి తొమ్మిది కంబళ్ళు. కావాలని మెలిపెడితే ఛలం. ఇక్కడ ఎవరూ కావాలని చేయలేదు, మాట దానంతట అదే రెండుగా చీలింది.

మా వీధిలో ఒక ఘనపాఠి, అంటే వేదాన్ని పదాలు ముందుకూ వెనక్కీ తిప్పి చెప్పే ఘన పద్ధతి వచ్చిన పండితులు, ఉన్నారు. ఆమెను తీసుకెళ్ళాను. ప్రసంగం చివరి పేరా ఆయన ముందే చదవమన్నాను. టెన్షన్ పడుతూ చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విని, "బట్టీ అంటే ఏందమ్మా?" అన్నారు.

"అర్థం తెలీకుండా నోటికి నేర్చుకునేది స్వామీ."

ఆయన ఒక చిన్న వాక్యం తీసుకుని ఘన చెప్పి చూపించారు. మొదటి పదం రెండో పదం, రెండో పదం మొదటి పదం, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు. చేతి వేళ్ళు స్వరాన్ని కొలుస్తున్నాయి. "ముందుకు పోయేటప్పుడు తప్పు దాక్కుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు దొరికిపోతుంది. పుస్తకం లేని కాలంలో ఇదే మా ప్రూఫు చూసుకోవడం" అన్నారు. గురువు దగ్గర సంథ (వేదపాఠం) చెప్పుకున్న రోజుల్లో అర్థం తనకూ చెప్పలేదని, అది తనకు లోటుగానే మిగిలిందని కూడా అన్నారు. "అర్థం చెప్పకపోవడాన్ని తిట్టు తల్లీ, మాలోనైనా సరే. కంఠస్థాన్ని తిట్టొద్దు."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. లీలామహల్ సర్కిల్ దాటాక, "నాకు ఎక్కాలు ఇరవై దాకా కంఠతా వచ్చు మేడమ్. అవి లేకపోతే నేను మండీలో నోటిలెక్క చేయలేకపోయేదాన్ని" అంది. ఏ లెక్క అని ఆ పూట అడగాలని నాకు తట్టలేదు.

నీ చిలక ఏది?

రెండు వారాలు అయ్యేసరికి ప్రసంగంలో దాదాపు ఏమీ మిగల్లేదు. పిల్ల నీరసపడింది. "అంతా తప్పేనా మేడమ్? మరి నాకు బడంటే ఎందుకు బాధ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను భయపడ్డాను. విశ్లేషణ పేరుతో ఒక పిల్ల నిజమైన బాధను కూడా కొట్టేస్తున్నానేమోననిపించింది.

బడిని విమర్శించిన వాళ్ళు ఈ ప్రాంతానికి కొత్త కాదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు, రిషివ్యాలీ ఆ పక్కనే ఉంది. టాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఉండి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేశారు. అంతకు ముందు ఏడే ఆయన ఒక చిలక కథ రాశారు. రాజు చిలకకు చదువు చెప్పించమంటాడు. బంగారు పంజరం వస్తుంది, పండితులు వస్తారు, పుస్తకాల కాగితాలు దాని నోట్లో కుక్కుతారు. చివరికి రాజు వేలితో నొక్కి చూస్తే చిలక కదలదు, లోపల కాగితాలు గలగలలాడతాయి. ఆ కథలో "బడి జైలు" అనే మాట లేదు. ఒక్క చిలక ఉంది. ఈ కథ చెప్పి, "నీ చిలక ఏది?" అన్నాను.

అప్పుడు చెప్పింది.

ఏడో తరగతి. అప్పటికే సీజన్‌లో నాయనతో మండీకి పోయేది. కాటా మీద తూకం వేశాక సూటు కింద కొంత తరుగు తీస్తారు. ఆ ఏడాది టన్నుకు ఎనభై కిలోలు, అంటే నూటికి ఎనిమిది. నాయనకు కాగితం మీద లెక్క రాదు. ఈమె పక్కన నిలబడి నోటితో చెప్పేది: పదో వంతు తీసుకో, మొత్తంలో నూటికి రెండు దాంట్లోంచి వెనక్కి ఇచ్చెయ్. మండీ గుమాస్తా కాలిక్యులేటర్ నొక్కేలోపు చెప్పేసేది.

ఆ టర్మ్ పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. 2,350 రూపాయల వస్తువు మీద 8 శాతం తగ్గింపు ఇస్తే కొన్న ధర ఎంత? ఆమె 235 రాసి, దాంట్లోంచి 47 తీసి, 188 తగ్గించి, 2,162 అని రాసింది. ఒక్క మార్కు వేశారు. పేపర్లు ఇచ్చేటప్పుడు క్లాసు ముందు, "జవాబు ఎక్కడో చూసి రాసినట్టుంది, స్టెప్స్ లేవు" అన్నారు. ఆ బడి ఏదో ఆమె చెప్పింది. ఇక్కడ రాయాల్సిన పని లేదు.

"ఆ రోజు నుంచి నాయనతో మండీకి పోలేదు మేడమ్. నాకు లెక్క వచ్చు అనిపించడం ఆగిపోయింది."

నేను కూడా కొన్నేళ్ళు హైస్కూలు పేపర్లు దిద్దాను. లెక్కలు కాదు, తెలుగు. సొంత మాటల్లో రాసిన భావానికి పుస్తకంలో మాటలు లేవని మార్కులు కోసిన సందర్భాలు నాకు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం సరిగా తినలేదు.

ఇక్కడి నుంచి పని తేలికైంది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 మొదటి సూత్రం, బడిలో నేర్పే జ్ఞానాన్ని బడి బయటి జీవితంతో కలపాలని. బట్టీ నుంచి బయటికి రావాలని రెండోది. అంటే బడిని తిట్టడానికి మెకాలే అక్కర్లేదు, బడి తాను రాసుకున్న మాటను తాను పాటించడం లేదని చూపిస్తే చాలు. ఆమె పక్షం అదే అయింది: బడి బయట నేర్చుకున్న లెక్కను బడి లెక్కగా గుర్తించడం లేదు.

ఒక్క దృష్టాంతంతో వ్యాప్తి రాదని, అంటే ఒక్కచోట జరిగింది అన్నిచోట్లా జరుగుతుందని చెప్పలేమని, ఆమెకు ఇప్పుడు తెలుసు. హాస్టల్లో పన్నెండు మందిని అడిగింది: ఇంట్లో నేర్చుకున్న పని ఏదైనా బడిలో వాడితే ఏమన్నారు? ఐదుగురికి ఇలాంటివే జరిగాయి. ముగ్గు చుక్కలతో సౌష్ఠవం వివరించిన పిల్లను కూర్చోబెట్టేశారట. ఆరుగురికి అలాంటిదేమీ గుర్తు లేదు. ఒకమ్మాయి మాత్రం ఎదురు చెప్పింది, వాళ్ళ సారు పిల్లల్ని వారపు సంతకు తీసుకెళ్ళి తూకాలూ బేరాలూ నేర్పాడని. "దీన్ని తీసేయనా మేడమ్?" అని అడిగింది. ఉంచమన్నాను. ఐదు, ఆరు, ఒకటి: ఈ మూడు అంకెలూ ప్రసంగంలోకి వెళ్ళాయి.

ఫైనల్

బహుమతి రాలేదు. మూడోది కూడా రాలేదు. మొదటి రెండు నిమిషాలు చప్పగా నడిచాయి, అది నా పొరపాటు. రచ్చబండను నేనే తీయించాను. రెండో పక్షాన్ని కూడా మాట్లాడనిచ్చేలా దాన్ని సరిచేయాల్సింది పోయి, ఎత్తుగడనే పోగొట్టాను. 26 ప్రశ్నల్ని మూడుకు దించాను. ఏడెనిమిది ఉన్నా నష్టం లేదు. మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు, మచ్చ కాయ దగ్గర మాత్రం హాలు నిశ్శబ్దమైంది. 2,162 దగ్గర ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను.

జడ్జీలలో ఒకరు రిటైరైన హెడ్మాస్టరు. మేము మార్జిన్‌లో రాసుకున్న "బడి ఏమంటుంది?" ఆయన నోట వచ్చింది. "అమ్మా, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో నేను ఏళ్ళ తరబడి కూర్చున్నాను. ముందు కట్టలు కట్టలు పేపర్లు, చేతిలో జవాబుల కీ, ఎదురుగా గడియారం. ప్రతి పిల్ల సొంత దారినీ వెతుకుతూ కూర్చుంటే ఫలితాలు ఎప్పుడిస్తాం? స్టెప్స్ అడిగేది కాపీ కొట్టిన వాణ్ణి పట్టుకోవడానికే కాదు, జవాబు తప్పినా వచ్చినంతవరకు మార్కులు ఇవ్వడానికి కూడా. దీనికేమంటావు?"

న్యాయమైన ప్రశ్న. మా మూడు వారాల్లో ఇంత బలంగా మేము దీన్ని అనుకోలేదు. ఈసారి ఆమె నా వైపు చూడలేదు.

"స్టెప్స్ అడగండి సార్. నేను వద్దనడం లేదు. కానీ నావి కూడా స్టెప్సే."

కార్యక్రమం అయ్యాక బయట చెట్టు కింద ఆయన ఆమెను పిలిచారు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, లెక్క ఆమె పద్ధతిలోనే చెప్పమన్నారు. ఆమె చెబుతుంటే ఒక్కో వరసా రాశారు.

2,350లో నూటికి పది, 235.
2,350లో నూటికి రెండు, 47.
235లోంచి 47 పోతే 188.
2,350లోంచి 188 పోతే 2,162.

పెన్ను కొసతో వరసలు లెక్కపెట్టారు. "నాలుగు మార్కుల లెక్క కదా. నాలుగు వరసలున్నాయమ్మా" అన్నారు. కాస్త ఆగి, "కానీ కీలో ఇది ఉండదు" అని ఆ కాగితం చింపి ఆమె చేతికిచ్చారు.